అంధులు వాడలేని యాప్‌కు తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

డబ్బు కట్టి కొన్న మొబైల్ యాప్ అంధులకు పనికిరాదని తేలినప్పుడు, ఆ డబ్బును వాదనలు లేకుండా తిరిగి ఇచ్చే పద్ధతి మన దేశంలో ఉండాలని, అందుకు ఆధారమయ్యే చట్టాలు ఇప్పటికే ఉన్నా వాటిని ఈ విషయానికి అన్వయించి చెప్పే మార్గదర్శకం కావాలని మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేవడానికి ఈ లేఖ రాస్తున్నాను. నేను హనుమకొండలో ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం బోధిస్తాను. నాకు పుట్టుకతోనే చూపు లేదు. చదువంతా బ్రెయిలీలో, ఆ తరువాత మిత్రులు చదివి రికార్డు చేసి ఇచ్చిన క్యాసెట్లలో సాగింది. ఇప్పుడు పాఠం తయారు చేసుకోవడం నుంచి కరెంటు బిల్లు కట్టడం దాకా అన్నీ ఫోన్ మీదే చేసుకుంటున్నాను. పరకాల, నర్సంపేట, మహబూబాబాద్, ములుగు వైపు నుంచి వచ్చి నయీంనగర్, కిషన్‌పుర ప్రాంతాల్లో గదులు అద్దెకు తీసుకుని గ్రూప్స్‌కూ, డీఎస్సీకీ, బ్యాంకు పరీక్షలకూ చదువుకునే అంధ విద్యార్థులు అప్పుడప్పుడు సలహా కోసం నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లు చెప్పేవి విన్న తరువాతే ఇది పత్రికకు రాయవలసిన సంగతి అనిపించింది.

చూపున్న పాఠకుల కోసం ముందు ఒక విషయం చెప్పాలి. దాదాపు ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ ఉచితంగానే ఉంటాయి. రెండూ 2009 నుంచి ఉన్నవే. తెర మీద వేలు జరుపుతుంటే వేలి కింద ఏముందో అవి చదివి వినిపిస్తాయి, రెండుసార్లు తడితే అది తెరుచుకుంటుంది. తెలుగును కూడా చదువుతాయి. అయితే అవి చదివేది తెర మీది బొమ్మను కాదు, యాప్ తయారు చేసినవారు ఆ బొమ్మ వెనుక రాసి పెట్టిన పేరును. బుట్ట గుర్తు వెనుక ‘కొనుగోలు బుట్ట’ అని రాస్తే అదే వినబడుతుంది. ఏమీ రాయకపోతే ‘అన్‌లేబుల్డ్ బటన్’ అని చెప్పి ఊరుకుంటుంది. ఒక తెర మీద అలాంటివి ఆరో ఏడో ఉంటే, వాటిలో ఏది డబ్బు పంపేదో, ఏది రద్దు చేసేదో తెలుసుకునే దారి మాకు లేదు. ఇంకొన్ని యాప్‌లు తెర మొత్తాన్ని ఒకే బొమ్మగా గీస్తాయి. అప్పుడు స్క్రీన్ రీడర్‌కు అక్కడ ఏదైనా ఉన్నట్లే తెలియదు.

మా పూర్వ విద్యార్థి ఒకరు గ్రూప్-2 కోసం ఒక ప్రైవేటు కోచింగ్ సంస్థ యాప్‌లో ఏడాది కోర్సు తీసుకున్నాడు. ఇంటి నుంచి వచ్చిన పత్తి డబ్బులోంచి సుమారు నాలుగు వేల రూపాయలు కట్టాడు. కట్టే ముందు ఉచితంగా చూపించిన పాఠాలు రెండు మూడు విన్నాడు, అవి చక్కగా వినబడ్డాయి. అతను డబ్బు కట్టింది మాత్రం పాఠాల కోసం కాదు, మాక్ టెస్టుల కోసం. అవి డబ్బు కట్టాకే తెరుచుకుంటాయి. తెరిచి చూస్తే ప్రశ్నల్లో చాలా భాగం అక్షరాలుగా కాకుండా ఫొటోలుగా పెట్టి ఉన్నాయి. అక్కడ ఒక ఫొటో ఉందని తప్ప అందులో ఏం రాసి ఉందో టాక్‌బ్యాక్ చెప్పలేదు. అక్షరాల్లో ఉన్న ప్రశ్నలకు కూడా నాలుగు జవాబుల్లో మనం దేన్ని ఎంచుకున్నామో వినబడదు, ఎందుకంటే ఎంచుకున్నదానికి రంగు మారడం ఒక్కటే గుర్తు. పైన నడిచే గడియారాన్ని టాక్‌బ్యాక్ ప్రతి సెకనుకూ చదువుతూ ప్రశ్న మధ్యలో అడ్డం పడుతుంది. తరువాతి ప్రశ్నకు వెళ్లే గుర్తుకూ, పరీక్షను ముగించే గుర్తుకూ ఒకే మాట వినిపిస్తుంది, ‘అన్‌లేబుల్డ్ బటన్’ అని. ఒకదానికి బదులు మరొకటి తడితే పరీక్ష అక్కడితో ముగిసి, సున్నా మార్కులతో ర్యాంకు వస్తుంది. ఈమధ్య కొత్త ఫోన్లలో ఫొటోలో ఏముందో వర్ణించి చెప్పే సౌకర్యం వచ్చిన మాట నిజమే. కానీ నిమిషానికి ఒక ప్రశ్న చొప్పున చేయవలసిన పరీక్షలో ప్రతి ప్రశ్నకూ ఆ సౌకర్యాన్ని పిలిచి, అది చెప్పేదంతా విని, అది సరిగ్గా చెప్పిందో లేదో అంచనా వేసుకుని, ఆ తరువాత జవాబు ఆలోచించే వ్యవధి ఎవరికీ ఉండదు.

అతను వారంలోపే డబ్బు తిరిగి ఇవ్వమని అడిగాడు. మొదట కస్టమర్ కేర్ వారు, పక్కన చూపున్నవారు ఎవరైనా ఉంటే చదివించుకోమన్నారు. గదిలో ఉండే మిత్రుడు తన పరీక్ష తాను చదువుకోవాలా, ఇతనికి రోజూ వంద ప్రశ్నలు చదివి పెట్టాలా అన్న ఆలోచన ఆ సలహా ఇచ్చినవారికి రాలేదు. తరువాత, డిజిటల్ కోర్సులకు రీఫండ్ లేదని నిబంధనల్లో ముందే రాశామన్నారు. ఆ మీదట వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం పంపమన్నారు. పంపాడు. చివరికి, డబ్బు ఇవ్వడం కుదరదని, అదే యాప్‌లో వేరే కోర్సు కొనుక్కోవడానికి కూపన్ ఇస్తామన్నారు. ఆ కూపన్‌తో కొనగలిగే పరీక్షలన్నీ అదే తెర మీద, అదే గడియారం కింద, అవే పేరు లేని బటన్లతో తెరుచుకుంటాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేద్దామని నేనంటే, ‘పరీక్ష దగ్గర పడింది సార్, ఇప్పుడు ఆ తిరుగుడు నావల్ల కాదు’ అన్నాడు. అతను అలా అనడం నాకు సహేతుకంగానే తోచింది. నాలుగు వేల కోసం నెలల తరబడి ఉత్తరాలు రాసే ఓపికను చదువుకునే పిల్లవాడి నుంచి ఆశించడం సమంజసం కాదు. ఆ ఓపిక అవసరం లేని ఏర్పాటును చేయవలసిన బాధ్యత వ్యవస్థది.

ఇక్కడ చూపున్న కొనుగోలుదారుకూ, మాకూ ఉన్న తేడాను పాఠకులు గమనించాలి. వరంగల్ చౌరస్తాలో బట్టల దుకాణానికి వెళితే నేను గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసి, నేత తెలుసుకుని, ధర అడిగి, నచ్చితేనే తీసుకుంటాను. యాప్ స్టోర్‌లో అలా తడిమి చూడడానికి ఏమీ లేదు. చూపున్నవారు కొనే ముందు స్క్రీన్‌షాట్లు చూసి లోపల ఎలా ఉంటుందో ఒక అంచనాకు వస్తారు. మాకు ఆ స్క్రీన్‌షాట్లు కూడా బొమ్మలే. సమీక్షలు చదువుతాం, కానీ వేల సమీక్షల్లో టాక్‌బ్యాక్ గురించి ఒక్కరైనా రాసి ఉంటారన్న నమ్మకం లేదు. అందువల్ల యాప్ మాకు పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి ఉన్న ఒకే మార్గం డబ్బు కట్టి తెరవడం. గూగుల్ ప్లే స్టోర్‌లో కొన్న 48 గంటల్లోపు అడిగితే ఆ సంస్థే రీఫండ్ విషయం చూస్తుంది, ఆ గడువు దాటితే యాప్ తయారు చేసినవారినే అడగమంటుంది. తెరను ఒక్క చూపులో గ్రహించగలిగేవారికి 48 గంటలు ఎక్కువే కావచ్చు. కొత్త యాప్‌లో ఏది ఎక్కడుందో ఒక్కొక్కటిగా విని గుర్తుపెట్టుకుని, అందని చోట అది తన అలవాటు లేమి వల్లనో యాప్ లోపం వల్లనో తేల్చుకోవలసిన అంధుడికి ఆ గడువు చాలదు. ఇక చాలా కోచింగ్ సంస్థలు స్టోర్ ద్వారా కాకుండా తమ వెబ్‌సైట్‌లో యూపీఐతో నేరుగా డబ్బు తీసుకుంటాయి. అక్కడ ఆ 48 గంటలు కూడా ఉండవు.

ఏడాది చందాలతో ఇంకో చిక్కుంది. కొన్న రోజు బాగున్న యాప్ మధ్యలో ఒక అప్‌డేట్‌తో పాడైపోవచ్చు. నేను కళాశాల పనికి వాడే నోట్స్ యాప్ విషయంలో అలాగే జరిగింది. రూపం మార్చి కొత్త వెర్షన్ ఇచ్చినప్పుడు అప్పటిదాకా పేర్లు చెప్పిన బటన్లన్నీ మూగబోయాయి. దాన్ని తయారు చేసినది ఒకే ఒక్క వ్యక్తి. ఆయనకు ఏ తెరలో ఏ బటన్ దగ్గర ఏం వినిపిస్తున్నదో వివరంగా రాశాను. మిగిలిన నెలల డబ్బు తిరిగి పంపుతాననీ, లేదా కొంచెం ఆగితే సరిచేస్తాననీ జవాబిచ్చారు. ఆగుతానన్నాను, తరువాతి వెర్షన్‌లో సరిచేశారు. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, పెద్ద సంస్థలు మా ముందు పెట్టే సాకుల్లో మొదటిది, ఇది ఖర్చుతో కూడిన పని అన్నది. బటన్‌కు పేరు పెట్టడమంటే ఒక వాక్యమంత రాత. లోపాలను వెతికి చూపే యాక్సెసిబిలిటీ స్కానర్‌ను గూగుల్ ఉచితంగా ఇస్తున్నది. అది కూడా వద్దనుకుంటే, తయారు చేసినవారు తమ ఫోన్‌లోనే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, తెరను కనబడకుండా చేసే సౌకర్యం కూడా అందులోనే ఉంది గనుక దాన్ని వాడి, తమ యాప్‌లో ఒక పరీక్ష రాసి చూడవచ్చు. ఒంటరి డెవలపర్ చేయగలిగిన పనిని వందల మంది ఇంజనీర్లున్న సంస్థ చేయలేకపోవడానికి కారణం డబ్బు లేకపోవడం కాదని, చేయకపోతే ఏ నష్టమూ రాకపోవడమని నా అభిప్రాయం. రీఫండ్ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం కూడా అదే. కొన్న ప్రతి అంధుడికీ డబ్బు తిరిగి ఇవ్వవలసి వస్తే ఆ నష్టం సంస్థ లెక్కల్లో కనబడుతుంది.

చట్టంలో దీనికి చోటుందా అని అడిగితే, ఉందనే నేను చెబుతాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, లోపం ఉన్న సేవను ఉపసంహరించుకుని, రసీదులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడాన్ని సెక్షన్ 2(47)లో అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొన్నది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు డిజిటల్ ఉత్పత్తులకు కూడా వర్తిస్తాయని వాటిలోనే రాసి ఉంది. వస్తువు గానీ సేవ గానీ లోపభూయిష్ఠంగా ఉన్నా, ప్రకటించిన లక్షణాలు లేకపోయినా అమ్మినవారు డబ్బు వాపసును నిరాకరించరాదని, ఫిర్యాదు అందిందని ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో తెలియజేసి నెలలోపు పరిష్కరించాలని కూడా అవే నియమాలు చెబుతున్నాయి. అందువల్ల ‘డిజిటల్ కోర్సులకు రీఫండ్ లేదు’ అని నిబంధనల్లో ఒక వాక్యం రాసుకున్నంత మాత్రాన చట్టం తప్పుకోదు.

మరోవైపు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. సేవలు అందించేవారు ప్రభుత్వమైనా ప్రైవేటైనా, కేంద్రం నిర్దేశించిన యాక్సెసిబిలిటీ (దివ్యాంగులు కూడా వాడగలిగేలా ఉండడం) నియమాల ప్రకారం తమ సేవలను రెండేళ్లలో అందుబాటులోకి తేవాలని ఆ చట్టంలోని 46వ సెక్షన్ అంటున్నది. ఆ నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి, అంటే రెండేళ్ల గడువు 2019లోనే ముగిసిపోయింది. వెబ్‌సైట్లు, యాప్‌ల వంటి వాటికోసం భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 17802 అనే ప్రమాణాన్ని 2021, 2022 సంవత్సరాల్లో రెండు భాగాలుగా తెచ్చింది, 2023లో దాన్ని ఆ నియమాల్లో చేర్చారు. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, 2017 నియమాల్లోని 15(1) మూల చట్టానికి విరుద్ధంగా ఉందని కొట్టివేసి, కేవలం సలహాలుగా మిగిలిపోకుండా తప్పనిసరిగా పాటించవలసిన నియమాలను మూడు నెలల్లో రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు పరిశీలన నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రమేనన్నది తెలంగాణ వాళ్లుగా మనం గుర్తుంచుకోవాలి. ఆ తరువాత 2025 ఏప్రిల్ 30న, యాసిడ్ దాడి బాధితులూ అంధులూ ఈ-కేవైసీలో, అంటే ఆన్‌లైన్‌లో గుర్తింపును ధ్రువీకరించుకోవడంలో, ఎదుర్కొంటున్న ఇబ్బందులపై దాఖలైన పిటిషన్లలో, డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో అంతర్భాగమని సుప్రీంకోర్టు స్పష్టం చేసి, 20 ఆదేశాలు ఇచ్చింది.

ఇన్ని ఉన్నా ఆ విద్యార్థికి నాలుగు వేలు ఎందుకు తిరిగి రాలేదన్నదే నా ప్రశ్న. ఒక చట్టం యాప్ ఎలా ఉండాలో చెబుతున్నది, ఇంకొక చట్టం సేవలో లోపముంటే డబ్బు తిరిగి ఇవ్వమంటున్నది. అంధుడు వాడలేకపోవడం కూడా సేవలో లోపమేనని ఆ రెండింటినీ కలిపి కస్టమర్ కేర్‌లో కూర్చున్న ఉద్యోగికి అర్థమయ్యేలా చెప్పే ఒక ఆదేశం కావాలి. ఆ పని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ చేయగలదు. యాప్‌లలో, వెబ్‌సైట్లలో వినియోగదారులను తప్పుదారి పట్టించే 13 రకాల డిజైన్లను నిషేధిస్తూ ఆ సంస్థ 2023 నవంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో, చందా మాన్పించుకోవడాన్ని కష్టతరం చేసే పద్ధతి ఒకటి. రద్దు చేసే బటన్‌కు పేరు లేకపోతే అంధుడి విషయంలో జరిగేదీ అదే కదా. కోచింగ్ రంగంలో తప్పుడు ప్రకటనల మీద కూడా అదే సంస్థ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. కనుక ఇది ఆ సంస్థ పరిధికి కొత్త విషయమేమీ కాదు.

ఆ మార్గదర్శకంలో నేను ముఖ్యంగా కోరేది ఇది. డబ్బు వాపసు అడిగే ఫారంలో ‘అనుకోకుండా కొన్నాను’, ‘యాప్ తెరుచుకోవడం లేదు’ వంటి కారణాల సరసన ‘స్క్రీన్ రీడర్‌తో పనిచేయడం లేదు’ అన్నది కూడా ఒక కారణంగా ఉండాలి. గడువు కనీసం 30 రోజులు ఉండాలి, అది డబ్బు కట్టిన రోజు నుంచి కాకుండా ఆ భాగాన్ని మొదటిసారి తెరిచిన రోజు నుంచి మొదలు కావాలి. అప్‌డేట్‌తో పాడైతే మిగిలిన నెలలకు లెక్కగట్టి ఇవ్వాలి. జీఎస్టీతో సహా ఎంత కట్టామో అంతా, ఏ ఖాతా నుంచి వెళ్లిందో ఆ ఖాతాకే రావాలి, కూపన్ రూపంలో కాదు. ఫిర్యాదు చేసే పేజీలో వంకర అక్షరాలను చూసి టైపు చేయమనే క్యాప్చా ఉండరాదు. వాడలేకపోయామని చెప్పుకోవడానికి కూడా దాన్ని వాడలేని స్థితి ఉంటే ఆ ఏర్పాటు ఎవరికోసం చేసినట్లు?

ధ్రువపత్రం అడగడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. దుర్వినియోగం జరుగుతుందని, చూపున్నవారు కూడా కోర్సు పూర్తయ్యాక ఇదే కారణం చెప్పి డబ్బు అడుగుతారని సంస్థలు అనవచ్చు. ఆ భయం పూర్తిగా నిరాధారమైనదని నేను అనను. కానీ దానికి మందు సదరం ధ్రువపత్రమో, దివ్యాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డో అడగడం కాదు. ఆ కాగితం నా కళ్ల సంగతి చెబుతుందే తప్ప యాప్ సంగతి చెప్పదు. నా వైద్య వివరాలను ఎక్కడో కాల్ సెంటర్‌లో కూర్చున్న అపరిచితుడి ఈ-మెయిల్‌కు పంపవలసిన అవసరమూ లేదు. ఏ తెరలో, ఏ బటన్ మీద, టాక్‌బ్యాక్ ఏమన్నదో రాయమనండి. సంస్థలోని ఏ ఉద్యోగైనా తన ఫోన్‌లో పది నిమిషాల్లో అది నిజమో కాదో చూసుకోవచ్చు. ఎన్ని పరీక్షలు రాశారు, ఎన్ని పాఠాలు విన్నారన్నది వాళ్ల సర్వర్‌లో ఎలాగూ ఉంటుంది. లోపం తెరలో ఉన్నప్పుడు రుజువు కూడా తెరలోనే దొరుకుతుంది.

ఇంకొక ప్రమాదం కూడా నాకు కనబడుతున్నది. రీఫండ్ ఇవ్వడం తేలికైపోతే, అంధులు వచ్చినప్పుడల్లా డబ్బు చేతిలో పెట్టి పంపించివేయడమే సంస్థలకు అలవాటు కావచ్చు. గ్రూప్-2 రాయాలనుకునే పిల్లవాడికి కావలసింది నాలుగు వేలు కాదు, మిగతావాళ్లతో సమానంగా సాధన చేయడానికి వంద మాక్ టెస్టులు. డబ్బు చేతికి వచ్చినా టెస్టులు ఎక్కడా దొరకకపోతే అతను నష్టపోయినట్లే. అందుకే, ఈ కారణంతో ఇచ్చిన ప్రతి రీఫండ్‌నూ సంస్థ నమోదు చేయాలి, ఏ లోపం వల్ల ఇచ్చిందో రాసుకోవాలి, ఒక గడువులోగా ఆ లోపాన్ని సరిచేసినట్లు చూపాలి. డబ్బు కావాలా, లోపం సరిచేసేదాకా గడువు పెంచాలా అన్నది కొన్నవారే నిర్ణయించుకోవాలి. ఒకే లోపం మీద మళ్లీ మళ్లీ రీఫండ్లు ఇస్తూ పోయే సంస్థ సంగతి దివ్యాంగుల హక్కుల చట్టం కింద చీఫ్ కమిషనర్ దృష్టికి వెళ్లాలి. ఆ చట్టంలోని 89వ సెక్షన్ మొదటి ఉల్లంఘనకు పదివేల రూపాయల దాకా, ఆ తరువాతి వాటికి యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా విధించవచ్చని చెబుతున్నది. దాన్ని వాడుకోవడానికి ఆధారం ఆ రీఫండ్ల చిట్టాలోనే దొరుకుతుంది.

కొనే ముందే తెలిసే ఏర్పాటు ఉంటే ఈ వాపసుల గొడవే చాలావరకు తప్పుతుంది. యాపిల్ సంస్థ 2025 మేలో, తన యాప్ స్టోర్‌లో ఒక్కో యాప్ పేజీ మీద అది వాయిస్‌ఓవర్‌తో పనిచేస్తుందా, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చా వంటి వివరాలు చూపే పద్ధతిని ప్రకటించింది. మన జిల్లాల్లో విద్యార్థుల చేతుల్లో ఎక్కువగా ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లు. అక్కడ కూడా, నేరుగా అమ్మే కోచింగ్ యాప్‌లలో కూడా ధర పక్కనే ఈ వివరం ఉండాలి. యూరప్ దేశాల్లో 2025 జూన్ 28 నుంచి ఈ-పుస్తకాలు, బ్యాంకు సేవలు, ఆన్‌లైన్ అమ్మకాల వంటి వాటికి యాక్సెసిబిలిటీ తప్పనిసరి అయింది. 2011 జనాభా లెక్కల ప్రకారమే మన దేశంలో చూపు లోపం ఉన్నవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. ఇంతమంది కొనుగోలుదారులను లెక్కలోకి తీసుకోకుండా చేసే వ్యాపారాన్ని మంచి వ్యాపారమని కూడా అనలేం.

మార్గదర్శకాలు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదని మన ప్రాంతంలోని అంధ విద్యార్థులకూ, వారి తల్లిదండ్రులకూ మనవి చేస్తున్నాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నోటితో చెప్పి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. కోచింగ్ సంస్థల నుంచి విద్యార్థులకు ఆ హెల్ప్‌లైన్ జోక్యంతో డబ్బు తిరిగి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కంపెనీ బెంగళూరులో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేసే వీలును 2019 చట్టం ఇచ్చింది. ఐదు లక్షల లోపు విలువకు రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. కావాలనుకుంటే, 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం దివ్యాంగులకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది, దాని ఫోన్ నంబరు 15100. డబ్బు కట్టిన రసీదు, కస్టమర్ కేర్‌తో జరిగిన చాట్, టాక్‌బ్యాక్ మాటలు వినబడేలా చేసిన స్క్రీన్ రికార్డింగ్ భద్రపరచుకుంటే సాక్ష్యం చేతిలో ఉన్నట్లే.

హనుమకొండ, వరంగల్ జిల్లాల న్యాయసేవాధికార సంస్థలకు కూడా ఒక అభ్యర్థన. కోచింగ్ కేంద్రాలు ఎక్కువగా ఉన్న నయీంనగర్ వంటి చోట ఒక రోజు శిబిరం పెట్టి, ఇలా డబ్బు కట్టి నష్టపోయిన అంధ విద్యార్థుల ఫిర్యాదులను వారు చెబుతుండగా రాసి దాఖలు చేయిస్తే చాలా మేలు. కమిషన్ ఫిర్యాదులను ఇప్పుడు ఈ-జాగృతి పోర్టల్‌లో తీసుకుంటున్నందున, ఆ పోర్టల్‌ను స్క్రీన్ రీడర్‌తో వాడేవారి చేత పరీక్ష చేయించి, ఎక్కడైనా అందని చోటుంటే పైవారికి రాయాలని జిల్లా కమిషన్‌ను కోరుతున్నాను.

మీ పత్రికకు కూడా ఒక మనవి ఉంది. కొత్త యాప్‌లను పరిచయం చేసే వ్యాసాలు మీరు వేస్తుంటారు, వాటిని నేను టాక్‌బ్యాక్‌తో ఇష్టంగా వింటాను. ఆ పరిచయం రాసేవారు టాక్‌బ్యాక్ ఆన్ చేసి ఆ యాప్‌ను కొద్దిసేపు వాడి చూసి, బటన్ల పేర్లు వినబడుతున్నాయో లేదో, డబ్బు కట్టే తెర దాకా అంధులు సొంతంగా వెళ్లగలరో లేదో ధర రాసే చోటే ఒక వాక్యంలో రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక అంధ అధ్యాపకుడు,
హనుమకొండ